రెండు ఆప్షన్లు మిగిలాక తప్పుదే ఎందుకు పెడతాం?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెబుతాను. మీరు వరంగల్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఎంబీయే ప్రవేశపరీక్ష జీమ్యాట్‌కు చదువుతున్నారు. తర్కదోషాల పేర్లన్నీ పట్టిక రాసుకుని కంఠస్థం చేశారు. అయినా క్రిటికల్ రీజనింగ్‌లో, అంటే చిన్న వాదన ఇచ్చి దాని బలాబలాలు అడిగే ప్రశ్నల్లో, మూడు ఆప్షన్లు కొట్టేశాక, మిగిలిన రెండింట్లో తప్పుదే పెడుతున్నారు. అలా తప్పు పోయిన మూడు ప్రశ్నలు పోస్టు చేసి, ఇంకా ఏ పుస్తకం చదవాలి అని అడిగారు. లా కోర్సుల ప్రవేశపరీక్ష క్లాట్ రాయబోయే మీ తమ్ముడికి కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా అన్నారు.

కొత్త పుస్తకం అక్కర్లేదు. ఆ పట్టికను మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. హనుమకొండలో ఏళ్ల తరబడి ఈ సబ్జెక్టే చెబుతున్నాను. పేర్లు బాగా వచ్చినవాళ్లే ఈ ప్రశ్నల్లో ఎక్కువ తడబడతారు. వాళ్లు వాదన చదువుతూనే దీనికి ఏ పేరు అతుకుతుందా అని వెతకడం మొదలుపెడతారు. అది ఏ ఆధారం మీద నిలబడి ఎక్కడికి దూకిందో చూడరు. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వాదనలో లేకపోయినా సరే, పేరున్న దోషం ఒకదాన్ని ఆప్షన్లలో పెడతారు. మీరు గుర్తుపట్టిన సంతోషంలో దాన్నే టిక్ చేస్తారు.

వాదన అంటే రెండు భాగాలు: ఆధారాలు, తీర్మానం. ఆధారాలను పరీక్షలో ప్రశ్నించకూడదు. అవి నిజమని ఒప్పుకునే లోపలికి వెళ్లాలి. మనవాళ్లకు ఇది కష్టం. పత్తి ధర గురించి ఒక మాట వస్తే 'అబ్బే, మా ఊళ్లో అంత పలకలేదు' అని మనసు అడ్డుపడుతుంది. మీ ఊరి ధరతో పనిలేదు. ఆధారాలన్నీ నిజమైనా తీర్మానం తప్పు కావచ్చా? కావచ్చంటే ఆ సందు ఎక్కడుంది? ప్రశ్న మొత్తం ఇదే.

ఒక ప్రశ్న పూర్తిగా చేసి చూద్దాం. నేను క్లాసు కోసం రాసుకున్నది, అంకెలు కల్పితం.

"ఒక మండలంలోని ఇరవై ఊళ్లలో చెరువుల పూడిక తీశారు. తర్వాతి మూడేళ్లలో ఆ ఊళ్ల బోరుబావుల్లో నీటిమట్టం అంతకుముందుకంటే పెరిగింది. కాబట్టి ఆ ఊళ్లలో నీటిమట్టం పెరగడానికి కారణం పూడికతీతే."

ఆప్షన్లు చూడకుండా ఇక్కడే ఆగండి. ఆధారం ఏమిటి? ముందు పూడిక తీశారు, తర్వాత నీళ్లు పెరిగాయి. తీర్మానం ఏమిటి? దానివల్లే పెరిగాయి. వాదన దూకింది 'తర్వాత' నుంచి 'దానివల్లే' దాకా. ఆ మూడేళ్లూ వానలు దండిగా పడ్డాయేమో. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ నీళ్లు ఆ ఊళ్లకు అప్పుడే అందాయేమో. రైతులు వరి తగ్గించి పత్తి వేస్తే బోర్లు తోడటమే తగ్గిందేమో. వీటిలో ఏది నిజమైనా ఆధారాలు చెక్కుచెదరవు, తీర్మానం మాత్రం నిలబడదు. ఈ ముక్కను తెలుగులో, మీ మాటల్లో, ఒక వాక్యంగా అనుకోండి: 'వేరే కారణం ఉండొచ్చు, అది చూడలేదు.' పరీక్ష ఇంగ్లిషులో ఉన్నంత మాత్రాన ఆలోచన ఇంగ్లిషులో సాగాలని లేదు.

ఇప్పుడు ఆప్షన్లు. ఈ వాదనలో లోపం ఏమిటంటే, ఇది:

ఎ) నిరూపించాల్సిన దాన్నే ఆధారంగా చూపుతోంది.
బి) కొన్ని ఊళ్ల అనుభవాన్ని అన్ని ఊళ్లకూ వర్తింపజేస్తోంది.
సి) ఒకదాని తర్వాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిదే రెండోదానికి కారణమని తేల్చేస్తోంది.
డి) పూడిక తీయడానికి అయిన ఖర్చు వచ్చిన లాభాన్ని మించి ఉండవచ్చనే సంగతి పట్టించుకోవడం లేదు.
ఇ) పూడిక తీయకుండా నీటిమట్టం పెరగడం అసాధ్యమని అనుకుంటోంది.

క్లాసులో ఎ దాదాపు ఎవరూ పెట్టరు. బి కొందరు పెడతారు. ఇరవై ఊళ్లు అనగానే 'శాంపిల్ చిన్నది' అని పట్టికలో చదివింది గుర్తొస్తుంది. కానీ తీర్మానం మళ్లీ చదవండి. 'ఆ ఊళ్లలో' అనే ఉంది. మిగతా ఊళ్ల ఊసే ఎత్తలేదు. వాదన చేయని పనిని బి దాని నెత్తిన రుద్దుతోంది.

అసలు గొడవ డి, ఇ దగ్గర. డి చూడండి, అది చెప్పింది నిజమే. వాదన ఖర్చు గురించి నిజంగానే పట్టించుకోలేదు. అయితే ఏమైంది? పూడిక తీయడం లాభమా నష్టమా అని ఇక్కడ ఎవరూ తేల్చలేదు, నీళ్లు ఎందుకు పెరిగాయనే తేల్చారు. ఖర్చు కోట్లు దాటినా కారణం మారదు. ఇ మరీ గడుసుది. అసలు విషయం దగ్గరిదాకా వచ్చి, 'అసాధ్యం' అనే ఒక్క మాటతో గీత దాటింది. ఈసారి ఇక్కడ పూడికతీత వల్ల పెరిగింది అనడానికి, ఇంకెక్కడా ఇంకెలాగూ పెరగడం అసాధ్యం అనుకోనక్కర్లేదు. మీరు మొన్న పోస్టు చేసిన మూడు తప్పుల్లో రెండు సరిగ్గా ఈ ఇ తరహావే, మళ్లీ తీసి చూసుకోండి.

అంటే ప్రతి ఆప్షన్‌కూ రెండు పరీక్షలు పెట్టాలి. ఆప్షన్ చెప్పిన పని వాదన నిజంగా చేసిందా? చేస్తే, దానివల్ల ఈ తీర్మానానికే దెబ్బ తగులుతుందా? ఎ, బి, ఇ మొదటిదాంట్లో పోయాయి. డి మొదటిది దాటి రెండోదాంట్లో పోయింది. రెండూ దాటి నిలిచింది సి, అదే జవాబు. మిగిలిన రెండింట్లో తప్పుదే పెడుతున్నామనేవాళ్లు ఎక్కువమంది మొదటి పరీక్షతోనే ఆగిపోతున్నారు. 'ఇది నిజమే కదా' అనిపించగానే పెన్ను కదులుతుంది.

ఆప్షన్ల భాష గురించి ఒక మాట. లోపం ప్రశ్నల్లో ఆప్షన్లు తరచుగా రెండు రకాలుగా మొదలవుతాయి. ఒకటి 'టేక్స్ ఫర్ గ్రాంటెడ్ దట్', లేదా 'ప్రిజ్యూమ్స్'. రెండోది 'ఫెయిల్స్ టు కన్సిడర్', లేదా 'ఓవర్‌లుక్స్ ద పాసిబిలిటీ'. చాలామంది రెండూ ఒకటే అనుకుని చదివేస్తారు. వాటిని పరీక్షించే తీరు వేరు. మొదటి రకంలో, వాదన ఫలానాది నిజమని చెప్పకుండానే ఊహించుకుందని అంటున్నారు. అప్పుడు ఆ ఫలానాదాన్ని కాదని చూడండి. వాదన కూలిపోతే అది నిజంగానే ఆ ఊహన మీద నిలబడింది. కూలకపోతే ఆప్షన్ తప్పు. ఇ ని ఇలా కాదని చూడండి: పూడిక తీయకుండా కూడా నీళ్లు పెరిగే వీలుంది. సరే, ఉంది. అయినా ఇక్కడ పూడికతీతే కారణం కావచ్చు. వాదన కూలలేదు, ఇ పోయింది. రెండో రకంలో, వాదన ఒక అవకాశాన్ని మరిచిందని అంటున్నారు. అప్పుడు ఆ అవకాశం నిజమని అనుకోండి. తీర్మానం బలహీనపడితే ఆప్షన్ సరి. డి ఇక్కడే పోతుంది.

కార్యకారణాల సందు జీమ్యాట్‌కు బాగా ఇష్టం కాబట్టి దాన్ని మరికొంచెం తవ్వుదాం. తాటిచెట్టు మీద కాకి వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి వల్ల రాలిందంటామా? కాకతాళీయం అంటాం. ఇది ఒక దారి. రెండో దారి, రెండింటికీ వెనక మూడోది ఉండటం. వాన ఎక్కువ పడిన ఏడాది చెరువూ నిండుతుంది, దోమలూ పెరుగుతాయి, గొడుగులూ అమ్ముడవుతాయి. మూడో దారి అందరూ మరిచేది, కారణం తిరగబడటం. "రోజూ మాక్ టెస్టు రాసేవాళ్లకే మంచి మార్కులు వస్తున్నాయి, కాబట్టి టెస్టులు మార్కులు పెంచుతాయి." మార్కులు బాగా వచ్చేవాళ్లకే టెస్టు రాయాలన్న హుషారు ఉంటుందేమో! తక్కువ వచ్చేవాడు రెండు వారాలకే రావడం మానేస్తాడు. ఆధారం ఒక్కటే, బాణం గుర్తు రెండువైపులా గీయొచ్చు. వాదనలో 'వల్ల', 'కారణం', 'పెంచింది', 'దారితీసింది' లాంటి మాట తీర్మానంలో కనబడి ఆధారంలో కనబడకపోతే ఈ మూడు దారులూ వరసగా తట్టి చూడండి.

తర్వాత షరతులు. మీకు తెలిసిన ఉదాహరణ చెబుతాను. సివిల్స్ ప్రిలిమ్స్‌లో సీశాట్ అనే రెండో పేపరు 2015 నుంచి అర్హత పేపరు. 200 మార్కులకు 33 శాతం రావాలి. రాకపోతే మెయిన్స్ లేదు. మరి ఒకమ్మాయికి సీశాట్‌లో 60 శాతం వచ్చింది, కాబట్టి ఆమె మెయిన్స్‌కు వెళ్తుంది అంటే? నవ్వుతారు. జనరల్ స్టడీస్ కటాఫ్ దాటొద్దా అంటారు. సీశాట్ మార్కులు తప్పనిసరే కానీ అవి ఒక్కటే సరిపోవు. ఇంత తేలిగ్గా పట్టుకున్న మీరే, అదే వాదన ఏదో సముద్రపు నాచు గురించో, ఇటలీ మ్యూజియం గురించో వస్తే తల ఊపేసి ముందుకు పోతారు. విషయం కొత్తది కావడంతో ఆకారం కనబడదు.

దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. విషయం మార్చి చూడండి. నాచు తీసేసి సీశాట్ పెట్టండి. వాక్యాల అమరిక మారకుండా మీకు బాగా తెలిసిన సంగతి దించితే తప్పు వెంటనే పళ్లికిలిస్తుంది. మన పాత తర్కశాస్త్రంవాళ్లు, అంటే న్యాయదర్శనంవాళ్లు, చేసిందీ ఇదే. పొగ ఉంది కాబట్టి కొండమీద నిప్పు ఉంది అనడం సరైన అనుమానం, అంటే కనబడినదాన్నిబట్టి కనబడనిదాన్ని తేల్చడం. తిరగేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుంది అంటే? ఎర్రగా కాలిన ఇనుపగుండును చూపించారు. అందులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చి కట్టె తగలాలి, ఆ షరతును వాదన దాచేసింది. జీమ్యాట్‌లో ఎదురుదృష్టాంతం అడిగే ప్రశ్నలు ఈ ఇనుపగుండుకు మనవళ్లే.

ఇక అంకెలు. జీమ్యాట్‌లోనూ, అమెరికా లా కాలేజీల ప్రవేశపరీక్ష ఎల్‌శాట్‌లోనూ శాతాన్నీ సంఖ్యనూ కలిపి కలగాపులగం చేస్తారు. ఏనుమాముల మార్కెట్‌కు పోయిన ఏడాది వచ్చిన మిర్చిలో తేజ రకం వాటా 40 శాతం, ఈ ఏడాది 50 శాతం అనుకుందాం. కాబట్టి ఈ ఏడాది తేజ బస్తాలు ఎక్కువొచ్చాయి. సరేనా? పోయిన ఏడాది మొత్తం పది లక్షల బస్తాలొస్తే తేజ నాలుగు లక్షలు. ఈసారి మొత్తం ఏడు లక్షలే వస్తే తేజ మూడున్నర లక్షలు. వాటా పెరిగింది, బస్తాలు తగ్గాయి. మిగతా రకాలు ఇంకా ఎక్కువ తగ్గాయి, అంతే. ఆధారం శాతంలో ఉండి తీర్మానం సంఖ్యలో ఉన్నా, సంఖ్యలో ఉండి శాతంలో తేలినా, మొత్తం ఎంతో చెప్పారా అని చూడండి.

మరో రూపం నయీంనగర్‌లో నడిస్తే గోడగోడకూ కనబడుతుంది. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీ నిండా తపాలా బిళ్లలంత ఫొటోలు, కింద ర్యాంకులు, పైన పెద్ద అక్షరాల్లో 'ఈసారి మాకే అత్యధిక సీట్లు'. చేరింది ఎందరో ఎక్కడా ఉండదు. మూడువేలమంది చేరిన చోట వందమందికి సీటు రావడమూ, రెండువందలమంది చేరిన చోట నలభైమందికి రావడమూ పక్కపక్కన పెడితే బొమ్మ తిరగబడుతుంది. బస్సులో కూర్చుని ఫ్లెక్సీలు చదివి, ఒక్కోదానికి ఏ అంకె దాచారో చెప్పుకోవడం మంచి ప్రాక్టీసు. నేను సరదాకు చెప్పడం లేదు. ప్రకటనలన్నీ ఆప్షన్లు లేని లోపం ప్రశ్నలే.

శాంపిల్ విషయంలో అన్నం మెతుకును గుర్తుపెట్టుకుంటే చాలు. కుండలో ఒక్క మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందంటాం, అది తప్పు కాదు. అన్ని మెతుకులూ ఒకే నీళ్లలో, ఒకే మంటమీద ఉడికాయి కాబట్టి. శాంపిల్ చిన్నదా పెద్దదా అనేదానికంటే, తీసినచోటు మిగతాదానిలాంటిదేనా అనేది ముఖ్యం. ఎన్ఐటీ గేటు ముందు వెయ్యిమందిని నిలబెట్టి అడిగి, వరంగల్ యువతకు లెక్కలంటే భయం లేదని తేలిస్తే, వెయ్యి అనేది పెద్ద అంకే అయినా ఆ వాదన నిలవదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను, ఇవి మీకు వచ్చు. 'తేమ ఉంటే మిర్చి పాడవుతుందని వ్యాపారి అన్నాడు, ధర తగ్గించడం అతనికి లాభం, కాబట్టి అబద్ధం' అనేది మాటను వదిలి మనిషిని కొట్టడం. 'ఈ విత్తనాలు నకిలీవని ఎవరూ రుజువు చేయలేదు, కాబట్టి అసలైనవే' అనేది రుజువు లేకపోవడాన్నే రుజువుగా చూపడం. రెండే దారులున్నట్టు మాట్లాడటం, ఒకే మాటను రెండు అర్థాల్లో వాడటం, భాగానికున్న గుణాన్ని మొత్తానికి అంటగట్టడం కూడా వస్తాయి, కానీ జీమ్యాట్‌లో తక్కువ. 'సర్క్యులర్ రీజనింగ్' అనే ఆప్షన్ కనబడితే మాత్రం తొందరపడకండి. అది సరైన జవాబు కావడం అరుదు. తీర్మానంలోని మాటే కొంచెం వేషం మార్చుకుని ఆధారంలో కూర్చుందని వేలు పెట్టి చూపగలిగితేనే పెట్టండి.

ఇప్పుడు మీ జీమ్యాట్ సంగతి. అందులో 'లోపం ఏమిటి' అని నేరుగా అడిగేవి తక్కువ. బలహీనపరచండి, బలపరచండి, ఊహన ఏమిటి, ఏం తెలిస్తే తేలుతుంది అని అడుగుతారు. సందు మాత్రం ఒకటే. చెరువుల వాదననే తీసుకోండి. ఆ మూడేళ్లూ వాన ఎక్కువ పడిందంటే బలహీనపడుతుంది. అంతే వాన పడి, పూడిక తీయని పక్క ఊళ్లలో నీళ్లు పెరగలేదంటే బలపడుతుంది. వాన, కాలువ, పంటల తీరు లాంటివే ఆ పెరుగుదలకు అసలు కారణం కాదన్నది ఊహన. ఆ ఏళ్ల వర్షపాతం ఎంత అన్నది తెలుసుకోవాల్సిన విషయం. నాలుగు రకాల ప్రశ్నలకు నాలుగు పద్ధతులు అని క్లాసుల్లో విడివిడిగా చెబుతారు, నాకది నచ్చదు. సందు దొరికితే నాలుగూ దొరుకుతాయి.

ప్రాక్టీసు ఎలా చేయాలంటే, మొదటి రెండు వారాలు ఆప్షన్లను కాగితంతో మూసేయండి. వాదన చదివి, సందును ఒక తెలుగు వాక్యంగా నోట్‌బుక్‌లో రాసి, ఆ తర్వాతే కాగితం తీయండి. టైమ్ చూసుకోవద్దు. తప్పు పోయిన ప్రతిదాని పక్కన 'చేయని పని' అనో, 'చేసింది కానీ దెబ్బ తగలదు' అనో రాయండి. పది రోజుల్లో మీ జబ్బు ఏ వైపుదో మీకే కనబడుతుంది. మెటీరియల్ విషయంలో ఒక హెచ్చరిక: కోచింగ్ సెంటర్లు సొంతంగా తయారుచేసే క్రిటికల్ రీజనింగ్ ప్రశ్నల్లో రెండేసి జవాబులు సరైనవిగా ఉండటం మామూలే. వాటితో కుస్తీ పడితే ఉన్న బుర్ర కూడా పాడవుతుంది. జీమ్యాట్ అధికారిక ప్రశ్నలు చేయండి. అవి అయిపోతే ఎల్‌శాట్ పాత పేపర్లలోని లాజికల్ రీజనింగ్ చేయండి. నేరుగా లోపం అడిగే ప్రశ్నలు అక్కడ దండిగా ఉంటాయి, ఆప్షన్ల చెక్కుడు కూడా అక్కడే పదును. 2024 ఆగస్టు నుంచి ఎల్‌శాట్‌లో లాజిక్ గేమ్స్ అనే పజిళ్ల సెక్షన్ తీసేసి, మార్కులకు లెక్కొచ్చే లాజికల్ రీజనింగ్ సెక్షన్లు రెండు చేశారు. ఒక్కోదానికి 35 నిమిషాలు. విదేశాల్లో పీజీకి రాసే జీఆర్ఈలో ఒకప్పుడు వాదనలోని లోపాలు చూపించమనే వ్యాసం ఉండేది, 2023 సెప్టెంబరులో ఎత్తేశారు. ఆ పాత వాదనలు దొరికితే వదలకండి. వాటికి ఆప్షన్లే ఉండవు కాబట్టి కాగితం మూయాల్సిన పని కూడా లేదు.

మూడోవారం నుంచి టైమ్ పెట్టండి. జీమ్యాట్ వెర్బల్‌లో 45 నిమిషాలకు 23 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా లేవు. అందులో ముప్పావు నిమిషం వాదనకూ సందుకూ ఇవ్వండి. ఎక్కువనిపిస్తుంది కానీ, ఆప్షన్లు రెండుసార్లు తిరగేసే టైమ్ మిగులుతుంది. సెక్షన్ చివర్లో వెనక్కి వెళ్లి మూడు జవాబుల దాకా మార్చుకోవచ్చు. టెన్షన్‌తో మార్చకండి. ఆప్షన్‌లోని ఫలానా మాట వాదనలో లేదని చూపగలిగితేనే మార్చండి.

మీ తమ్ముడి సంగతి. క్లాట్‌లో 120 ప్రశ్నలకు 120 నిమిషాలు, తప్పుకు పావు మార్కు పోతుంది. లాజికల్ రీజనింగ్ దాదాపు అయిదో వంతు. అక్కడ పెద్ద పేరా ఇచ్చి దానిమీద వరసగా ప్రశ్నలడుగుతారు. కాబట్టి ప్రతి ప్రశ్నకూ సందు వెతికే టైమ్ ఉండదు. పేరా చదివేటప్పుడే రచయిత తీర్మానం కింద గీత గీసుకోమనండి. పేరాలో వేరేవాళ్ల అభిప్రాయం, రచయిత అభిప్రాయం రెండూ ఉంటాయి. ఇంటర్ పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది మొదటిదాన్ని రెండోది అనుకుని. ఆ గీత అలవాటయ్యాక, రెండు పరీక్షలూ మీకు చెప్పినట్టే. మీ ఇద్దరూ ఆదివారం కూర్చుని ఒకే ఎల్‌శాట్ సెక్షన్ చేసి, జవాబులు చూసుకునే ముందు ఎవరి సందు వాక్యం వాళ్లు పైకి చదువుకోండి. తేడా వచ్చిన ప్రశ్నలు ఇక్కడ పెట్టండి, చూస్తాను.